నిప్పురవ్వను ముట్టని విద్యార్థి

ఆషాఢమాసము వచ్చినదనగా లాల్‌దర్వాజాలోని సింహవాహిని మహంకాళి ఆలయము చుట్టునున్న సందులలో గోడలకు సున్నము, గడపలకు పసుపు పడును. గోల్కొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి సన్నిధిని సాగి, తుదకు పాతబస్తీకి చేరుకొను బోనాల పండుగకు ఎక్కడెక్కడి బంధువులును ఈ పేటకు వత్తురు. అట్లు వచ్చి కలిసికొన్న ఇరువురి నడుమ ఒక మేడమీద జరిగిన వాదమును నేను విని, వారి అనుమతితో, పునరుక్తులు మాత్రము తొలగించి ఇచట వ్రాయుచున్నాను. ఒకరు వాయుసేనలో ఇంజిను ఫిట్టరుగా చిరకాలము పనిచేసి, దుండిగల్ అకాడమీలోని శిక్షణవిమానముల పిస్టను ఇంజిన్లను బాగుచేసి, విశ్రాంతి పొందిన మేనమామ. రెండవవారు మెకానికల్ ఇంజినీరింగు మూడవ సంవత్సరము ముగించి, నగరము వెలుపల నొక చిన్న మరమ్మతు కర్మాగారమున విమానపు ఇంజిన్ల ఇగ్నిషన్ విభాగములో ఇంటర్న్‌షిప్పు చేసివచ్చిన మేనకోడలు. ఇంటర్న్‌షిప్పు లేనిదే పట్టా చేతికి రాని ఈ కాలమున, ఈ నగరములోని వేలకొలది ఇండ్లలో విద్యార్థి అచట ఏమి నేర్చుకొనవలెనను ప్రశ్న ఏదో యొక రూపమున పుట్టవలసినదే గాని, ఇంత లోతుగా త్రవ్వుకొన్నవారిని నేను వేరెచ్చటను చూడలేదు.

మేనమామ: అమ్మాయీ, నీ సర్టిఫికెట్టు చూచితిని. విమానపు ఇంజిన్ల ఇగ్నిషన్ వ్యవస్థలయందు శిక్షణ పొందినట్లు అందులో స్పష్టముగ వ్రాసియున్నది. నేనడుగునది ఒక్కటే. ఆ వ్యవస్థలో ఏ భాగమునైనను నీ చేతితో విప్పి, నీ చేతితో మరల బిగించితివా?

మేనకోడలు: లేదు మామయ్యా. ఎక్సైటర్ పెట్టెను నన్ను ముట్టనీయలేదు. ఇంజినునుండి తీసిన ఇగ్నైటర్లను చేతొడుగులు వేసికొని పట్టుకొంటిని, కొలిచితిని, వ్రాసితిని. అంతకు మించి పోనీయలేదు. పోనీయకపోవుట న్యాయమేనని నా అభిప్రాయము.

మేనమామ: న్యాయమని నీవే యనుచున్నావు, నాకు బాధ కలుగుచున్నది అందులకే. ముట్టనీయని పెద్దల తప్పు నాకు తెలియనిది కాదు. కాని ముట్టకపోవుటయే మర్యాద యని నమ్మునట్టి విద్యార్థులను తయారుచేయుట మొదలైన నాడు ఇక పనిమంతులు ఎక్కడనుండి వత్తురు?

మేనకోడలు: ముట్టవద్దన్నది మర్యాదకు కాదు, ప్రాణమునకు. మొదటిదినమున మాకు చెప్పిన పాఠమిది. విమానములోని 115 వోల్టుల ఏసీ గాని 28 వోల్టుల డీసీ గాని ఆ పెట్టెలోనికి పోయి, అచట వేల వోల్టులకు హెచ్చింపబడి, కెపాసిటరులో కూడుకొని, హద్దు దాటగానే డిశ్చార్జి గొట్టము తెరచుకొనుటతో లీడు వెంట ఇగ్నైటరు కొనకు దుమికి మెరుపై విడివడును. సెకనుకు ఒకటి రెండు మెరుపులు మాత్రమే. కారు ప్లగ్గులోని రవ్వకు జూలులో కొన్ని వందవ వంతులు చాలును. ఇచట ఒక్కొక్క మెరుపు వెనుక అనేక జూళ్ల శక్తి నిలిచియుండును. ఆకాశమున ఎముకలు కొరుకు చలిలో చల్లబడిన ఇంధనము సన్నని తుంపరగా విడివడక, గాలి మాత్రము దహనకోశముగుండ వేగముగ దూసికొనిపోవుచుండగా, అట్టి తడితుంపరను రగిలింపవలెనన్నచో అంత బలమైన మెరుపు కావలసినదే. ఇక స్విచ్చి ఆపినంతమాత్రమున ఆ శక్తి పోదు. మాన్యువలు చెప్పిన నిమిషములు వేచియుండి, లీడును విప్పి, దాని కొనను ఇంజిను దేహమునకు తాకించి, మిగిలినదేమైన నుండిన భూమికి పోనిచ్చిన పిదపనే చేయి పెట్టవలయును. ఈ క్రమము తెలియక ముట్టినవాని గుండె ఆగిపోవచ్చును.

మేనమామ: ఆ భయము నాకును కలదు, మా దినములలోను కలదు. అయినను మేము ముట్టితిమి. దుండిగల్‌లో హెచ్‌పీటీ-32 శిక్షణవిమానములకు ఆరు సిలిండర్ల ఇంజిను. సిలిండరునకు రెండు ప్లగ్గుల చొప్పున పండ్రెండు ప్లగ్గులు, వాటికి రెండు మాగ్నెటోలు. బ్యాటరీ సంపూర్ణముగ చచ్చిపోయినను, ఇంజిను తిరుగుచున్నంతసేపు మాగ్నెటో, తన అయస్కాంతమును ఇంజిను త్రిప్పుచుండగా, తన తీగచుట్టలో తానే విద్యుత్తును పుట్టించి, పాయింట్లు విడివడిన క్షణమున దానిని వేల వోల్టులుగా మార్చి, ఏ సిలిండరు వంతు వచ్చినదో ఆ సిలిండరునకు పంపును. ఇంజిను నిమిషమునకు 2400 సార్లు తిరుగుచున్నచో నిమిషమునకు 14,400 రవ్వలు! ఇన్నింటిలో ఏ ఒక్కటియు వేళ తప్పరాదు. పాయింట్ల ఎడము ఎంతయుండవలెనో, ఏ కోణమున విడివడవలెనో, మేము ఫీలరు గేజీతో చూచి, దీపము పెట్టి సరిచేసి, మరల చూచి, అప్పుడు మూత బిగించెడివారము. బిగించిన మరునాడు పైలటు రన్‌వే కొసన నిలచి ఒక మాగ్నెటోను ఆపి, ఆర్‌పీఎం ఎంత పడిపోయినదో చూచి, రెండవదానిని ఆపి, అదెంత పడిపోయినదో చూచి, రెంటి వ్యత్యాసమును లెక్కించునప్పుడు, మాకు క్రింద నిలచిన చోటనే తెలిసిపోయెడిది, మా పని నిలిచినదో లేదో. విద్యార్థికి కావలసినది ఆ క్షణము తల్లీ. తాను చేసినపనికి యంత్రము బదులు చెప్పవలెను. నీవు వ్రాసిన కాగితములకు ఏ యంత్రము బదులు చెప్పినది?

మేనకోడలు: చెప్పెదను. కాని దానికి ముందు, మీ మాగ్నెటో విషయమే మీకు గుర్తుచేయుదును. మాగ్నెటోను ఆపుటయన్న దానికి పోవు విద్యుత్తును త్రుంచుట కాదు, దాని ప్రైమరీ చుట్టను తీగ ద్వారా నేలకు కలుపుట గదా. ఆ తీగ తెగినచో స్విచ్చి ఆపినను మాగ్నెటో సజీవముగనే యుండును. ఎవడో ప్రొపెల్లరును చేతితో కొంచెము త్రిప్పగా ఇంజిను రగులుకొని చేతులు పోయినవారి గాథలు చిన్ననాట మీరే మాకు చెప్పియున్నారు. వారు చేతిపని రానివారు కారు. ఆ తీగను గురించిన పరీక్ష ఒకటి యుండగా దానిని ఆ పూట చేయనివారు.

మేనమామ: ఔను, ఆ మాట నేనన్నదే.

మేనకోడలు: ఇక మీ యింజినునకు, నేను చూచినవానికి గల భేదము చిన్నది కాదు. పిస్టను ఇంజినునకు క్షణక్షణము రవ్వ కావలయును గనుక, రవ్వ చెడినచో ఇంజిను వెంటనే కంపించి చెప్పివేయును. గ్యాస్ టర్బైనుకు రవ్వ కావలసినది ఆరంభమున మాత్రమే. ఒకసారి మంట అంటుకొని దహనకోశమును చుట్టివచ్చిన పిమ్మట, తన మంటను తానే పోషించుకొనును, ఇగ్నైటరు నిద్రించును. పెనువాన, మంచుగడ్డ కట్టు మేఘము ఎదురైనప్పుడు మాత్రము మంట ఆరిపోవునేమోనని ముందుజాగ్రత్తగా దానిని మరల మేల్కొల్పెదరు. కావున అది చెడియున్నదన్న సంగతి ఇంజిను శబ్దములో వినబడదు. రెండు ఇగ్నైటర్లున్న ఇంజిను ఒక్కదానితో చక్కగా మొదలై, చక్కగా తిరిగి, రెండవది చచ్చియున్నదన్న నిజమును దాచివేయును. అందుచేతనే ఒక్కొక్క ఆరంభమునకు ఒక్కొక్కదానిని వంతులవారీగా వాడుట. అందుచేతనే ఇంధనము పోనీయక ఇగ్నిషన్ మాత్రము వేసి, ఇంజిను ప్రక్కన చెవియొగ్గి, టక్ టక్కను శబ్దము రెండువైపులను వినవచ్చుచున్నదో లేదో చూచుట. మీకు యంత్రమే బదులు చెప్పినది; ఇచట యంత్రము మౌనముగ నుండును, కాగితమును చదివినవాడే దాని రోగమును కనిపెట్టవలయును.

(ఇచట వాదము ఒక క్షణమాగినది. మామయ్య సమాధానము వెదకికొనుచున్నారని నేననుకొంటిని. కాని వారు ఆలోచించుచున్నది వేరొకటి.)

మేనమామ: 2013లో దుండిగల్‌కు పిలాటస్ విమానములు వచ్చినవి, టర్బైను ఇంజిన్లు. హెచ్‌పీటీ-32లు 2009లోనే నేలపట్టియుండెను. నా చివరి సంవత్సరములలో మాగ్నెటో విప్పుటకు పనియే లేకపోయినది. నీవు చెప్పిన మౌనము నాకు అప్పుడు అనుభవమునకు వచ్చినది. సరే, కాగితము చదివితివి గదా, ఏ రోగమును కనిపెట్టితివి?

మేనకోడలు: తీసివేసిన ఇగ్నైటర్ల కొనల అరుగుదలను వాటి గంటలతో, ఆరంభముల సంఖ్యతో పోల్చి పట్టిక వేయుమనిరి. వేసితిని. పాత రికార్డులలో అనేకచోట్ల పరీక్షింపబడినది అను మాట యున్నది గాని కొలత లేదు. కొలత లేనప్పుడు ఏ ఇగ్నైటరు ఎంత వేగముగ అరుగుచున్నదో ఎవరు చెప్పగలరు? ఆరంభములలో ఒకే ప్రక్కను ఎక్కువసార్లు వాడినారా, వంతులు తప్పినారా అను ప్రశ్నకు సమాధానమే లేకపోయినది. పట్టికలో ఒక గడి కలిపి, కొలత వ్రాయనిదే సంతకము చేయుటకు వీలులేని విధముగ ఫారమును మార్చుడని నేను వ్రాసియిచ్చితిని. వారు దానిని స్వీకరించిరి. నేను చేసిన పని అది.

మేనమామ: మంచి పని, కాదనను. కాని దానిని గుమాస్తా చేయగలడు, ఇంజినీరు చేయవలసినది వేరు. ఆ కొన ఎందుకు అరిగినది? పైని లోహమా, లోపలి సెమికండక్టరు పింగాణియా, మొదట పోయినది ఏది? మెరుపు ఒకే స్థానమున పదేపదే పడి గుంట చేసినదా, చుట్టును సమానముగ తిన్నదా? వేడికి పగిలినదా, మసి పేరుకొన్నదా? ఇవి నీ చేతికి వచ్చిన ఇగ్నైటరును మధ్యకు కోసి చూచిన గాని తెలియవు. కోసితివా?

మేనకోడలు: కోయుటకు నాకు అధికారమెక్కడిది? విమానభాగమునకు ప్రతిదానికిని ఒక చరిత్ర యుండును. కాలము తీరిన భాగమును ఎవడో మెరుగుపెట్టి, దొంగ పత్రములు పుట్టించి, మరల విమానములోనికి ఎక్కించు దుర్మార్గము లోకమున కలదు గనుకనే, తీసివేసిన భాగమును మరల పనికిరాకుండ వికలము చేసి చెత్తకు పంపవలయునని నియమము. అది విద్యార్థి చేతికిచ్చునది కాదు. మరియు పనిని ముగించి విమానము ఎగురుటకు యోగ్యమని సంతకము చేయుటకు ఇంజినీరింగు పట్టా చాలదు, విమానయాన నియంత్రణసంస్థయైన డీజీసీఏ లైసెన్సు కావలెను. నాలుగేండ్లు చదివినను నా సంతకమునకు అచట విలువ లేదు. ఆ సంతకము వెనుకనున్న బాధ్యతను గౌరవించుట నేర్చుకొన్నానన్నచో అది తక్కువ చదువా?

మేనమామ: నీవే నా వాదమును గెలిపించితివి. వికలము చేసి పంపవలయుననుచున్నావు గదా? వికలము చేయుటయన నేమి? కోయుటయే! నడిమికి నిలువున కోసిన ఇగ్నైటరును ఏ దొంగయు విమానములోనికి ఎక్కించలేడు. కాని విద్యార్థికి అంతకన్న గొప్ప పాఠ్యపుస్తకము లేదు. నడిమి ఎలక్ట్రోడు, పింగాణి, కొనయందలి పొర, బయటి తొడుగు, అన్నియు ఒక్కచూపులో కనబడును. సుత్తితో చితుకగొట్టి చెత్తకు పంపుచున్నదానిని రంపముతో కోసి కాలేజీకి పంపుటకు అడ్డమేమి? ఈ నగరమునకు ఎన్ని ఇంజిన్లు రానున్నవో నీకు తెలియును. 2025 నవంబరు 26న శంషాబాదులో సఫ్రాన్ వారి లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రము ప్రారంభమైనది. పూర్తిస్థాయికి వచ్చిననాడు ఏడాదికి 300 ఇంజిన్లు అందులో విప్పబడుననిరి. ఎయిర్‌బస్ ఏ320 నియోలను, బోయింగ్ 737 మాక్సులను నడుపు ఇంజిన్లవి. ప్రతి ఇంజినుకు ఇగ్నైటర్లుండును, ప్రతి ఇగ్నైటరుకు కాలము తీరును. ఆ తీరినవన్నియు చెత్తకుప్పకేనా?

మేనకోడలు: ఇగ్నైటర్ల వరకు మీ మాట నాకు సమ్మతమే. ఎక్సైటర్లకు మాత్రము ఒప్పుకొనను. కోసి చూతమను ఉత్సాహముతో మీవంటివారు దానిని కూడ అడిగెదరు. పాతకాలపు ఎక్సైటర్లు కొన్నింటి డిశ్చార్జి గొట్టములలో, ప్రతిసారియు ఒకే వోల్టు కడ విడివడునట్లు, రేడియోధార్మిక పదార్థమును స్వల్పముగ నుంచినారు. గొట్టము పగిలినచో విద్యార్థుల బల్లమీద పడునది అదియే. కోయదగినదేదో, కోయరానిదేదో తెలియుటకు మొదట మాన్యువలు చదువవలెను. నేను వాదించుచున్నది ఆ క్రమమును గురించియే.

మేనమామ: ఆ గొట్టము సంగతి నాకు తెలియదు. ఒప్పుకొంటిని, ఎక్సైటరును విడిచిపెట్టుము. కాని కంచన్‌బాగ్ వైపు చూడుము. లాల్‌దర్వాజా నుండి ఎంత దూరము? ఆటోలో పోవచ్చును. అచట డీఆర్‌డీఎల్ అను రక్షణ పరిశోధనశాలలో మన పిల్లలే స్క్రామ్‌జెట్ దహనకోశమున మంటను నిలిపినారు. ధ్వనివేగమునకు ఆరు రెట్లు పోవు వాహనములో, లోపలికి దూసికొనివచ్చు గాలి సెకనుకు ఒకటిన్నర కిలోమీటరు దాటి పరుగెత్తుచుండగా, ఆ ప్రవాహమున ఇంధనమును రగిలించి నిలుపుట పెనుతుఫానులో దీపము నిలుపుట వంటిదని వారే చెప్పుకొనిరి. 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరమునుండి ఎగిరినప్పుడు మంట ఇరువదికి పైచిలుకు సెకనులు నిలిచినది. 2025 జనవరిలో నేలమీది పరీక్షలో 120 సెకనులు. అదే సంవత్సరము ఏప్రిలు 25న వేయి సెకనులకు మించి! ఏ మాన్యువలు చదివి నిలిపినారు? వారికి మాన్యువలే లేదు. రగిలించి, ఆరిపోగా మరల రగిలించి నేర్చుకొన్నారు.

మేనకోడలు: మామయ్యా, ఆ వేయి సెకనులు మీ పక్షమున సాక్ష్యము చెప్పవు, నా పక్షమున చెప్పును. ఆ మంటను ఎవరును చేతితో ముట్టలేదు. రగిలించుటకు ముందే ఏయే చోట ఒత్తిడి కొలువవలెనో, ఏయే చోట ఉష్ణోగ్రత కొలువవలెనో, ఏది ఎంత దాటినచో ఆపివేయవలెనో నిర్ణయించుకొనియే అట్టి పరీక్షకు పూనుకొందురు. ఇరువది సెకనులనుండి నూటయిరువదికి, అచటినుండి వేయికి పోవుట గుడ్డి ధైర్యముతో సాధ్యమగునా? వారికి పరాయివాడు వ్రాసిన మాన్యువలు లేదు, నిజమే. తమ మాన్యువలును తామే వ్రాసికొనుచు పోయిరి. నా కోరిక కూడ అట్టిదే.

మేనమామ: నీ ఫారములోని గడిని కంచన్‌బాగ్ కొలతలతో సమానము చేయుచున్నావు.

మేనకోడలు: సమానము కాదు, ఒకే జాతి యనుచున్నాను. మరియొక మాట. ఒక భాగమును విప్పి తెలిసికొన్నంతమాత్రమున వ్యవస్థ తెలియదు. 1982 జూన్ 24 రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి 747 విమానము ఇండోనేషియా మీదుగా పోవుచు గలుంగుంగ్ అగ్నిపర్వతపు బూడిదమేఘమున చిక్కుకొనగా, నాలుగు ఇంజిన్లును వరుసగా ఆరిపోయినవి. సిబ్బంది ఇగ్నిషన్ వేసి మరల మరల రగిలింపజూచిరి, మంట అంటలేదు. ఇగ్నైటర్లు చెడినందున కాదు. కరిగిన బూడిద లోపల పేరుకొని గాలినడకను చెడగొట్టినందున. విమానము జారుచు శుభ్రమైన గాలిలోనికి వచ్చిన పిమ్మట, ఆ బూడిద చల్లబడి గట్టిపడి రాలగా, అప్పుడు ఇంజిన్లు అంటుకొన్నవి. విమానము జకార్తాలో దిగినది. ఇగ్నైటరును ఎన్ని ముక్కలు చేసి చూచినను ఈ పాఠము అందులో దొరకదు. గాలి, ఇంధనము, రవ్వ మూడును కలిసిన చోటనే దొరకును.

మేనమామ: దొరకదు. కాని ఆ రాత్రి పైలటు రగిలించు ప్రయత్నమును విడువలేదు. బూడిద రాలిన క్షణమున రవ్వ అచట సిద్ధముగనున్నది. ఎవడో నేలమీద దానిని సరిగా బిగించెను గనుక సిద్ధముగనున్నది. వాని పేరు ఏ పత్రికలోను రాలేదు. నేను అడుగుచున్నది అట్టివానిని తయారుచేయు చదువు.

మేనకోడలు: నేనును వానినే అడుగుచున్నాను. అయితే అతడు బిగించినది టార్క్ రెంచితో, మాన్యువలు చెప్పిన కొలతకు. బిగించి సంతకము చేసెను.

(ఈ మాట విన్న మామయ్య ముఖమున ఆనందము కనబడినది. నాకు తోచినదేమనగా, వారిరువురు విరోధించుచున్నది పనికిని కాగితమునకును నడుమ కాదు. విద్యార్థి కాగితమును ముందు పట్టవలెనా, పనిముట్టును ముందు పట్టవలెనా అను క్రమమును గురించియే. చూడవచ్చి చూచి పోవు ఇంటర్న్‌షిప్పు నిష్ఫలమన్న విషయమున వారికి భేదమే లేదు. ఆ నిష్ఫలత్వమునకు నేరము విద్యార్థులపై మోపువారిని నేను క్షమింపజాలను. కర్మాగారమునకు సమయము లేదు, కాలేజీకి బల్ల లేదు, పరీక్షలో ప్రశ్న లేదు. మధ్యను పిల్లలు సర్టిఫికెట్టు పట్టుకొని నిలుచున్నారు.)

మేనమామ: అయినచో చేయవలసినది చెప్పుము. కాలేజీ తెరువగానే మీ ఆచార్యులను ఏమని అడిగెదవు?

మేనకోడలు: కోసిన ఇగ్నైటర్లను కర్మాగారములనుండి తెప్పించుమని అడిగెదను. ఒక్కొక్కదానితో దాని గంటలు, ఆరంభములు వ్రాసిన చీటి కూడ రావలెను. చీటి లేని ముక్క నాకు వలదు. అది ఉత్త లోహము. ఇంటర్న్‌షిప్పునకు పోవు ప్రతివిద్యార్థికి ఒక ముక్కను, ఒక ప్రశ్నను ఇచ్చి పంపవలెను. తిరిగి వచ్చునప్పుడు సమాధానము తేవలెను.

మేనమామ: దానితో పాటు కాలము తీరిన మాగ్నెటో ఒకటి. కోసినది కాదు, సజీవమైనది. బల్లకు బిగించి, ఇంపల్స్ కప్లింగు అమర్చి, చేతితో మెల్లగా త్రిప్పినచో స్ప్రింగు బిగిసికొని, చటుక్కున విడివడి, ప్లగ్గు కొనను నీలిరవ్వ దుమకవలెను. ఆ చటుక్కు చేతికి తగిలిననాడు గాని మాగ్నెటో ఎట్టిదో తెలియదు.

మేనకోడలు: షాకు తగులును.

మేనమామ: తగులును. నాకును తగిలినది.

మేనకోడలు: అందుచేత ప్లగ్గులకు తొడుగు, బల్లకు కంచె, ప్రక్కన పెద్దవారొకరు. నేలకు కలుపు తీగను పరీక్షించి, పుస్తకమున వ్రాసి, సంతకము చేసినవారే త్రిప్పవలెను. దానికి ఒప్పుకొన్నచో మాగ్నెటో కొరకు నేను మీతో కలిసి తిరిగెదను.

మేనమామ: సంతకము త్రిప్పినవాడు చేయవలెనా, ప్రక్కన నిలచినవాడు చేయవలెనా?

మేనకోడలు: ఇద్దరును.

మేనమామ: నేనొప్పను. త్రిప్పినవాడొక్కడే చేయవలెను. ఇద్దరు చేసిన సంతకమున ఎవడును పూర్తిగా బాధ్యుడు కాడు, ఇది నా ఉద్యోగమంతయు చూచిన సంగతి.

మేనకోడలు: మొదటిసారి త్రిప్పు విద్యార్థికి బాధ్యత అంతయు నెత్తిన పెట్టుట నాకు సమ్మతము కాదు మామయ్యా. ఆ పెద్దవారు మీరే అయినచో, ప్రక్కన నిలచి సంతకము చేయుటకు మీకు అభ్యంతరమేమి?